నాయన దవడన అతిమధురం

మార్కాపురంలో మాది మూలికల దుకాణం. పలకల లారీలు పోయే రోడ్డు మీదే ఉండటంతో పొద్దంతా దుమ్ము. గొంతు గరగరలాడకుండా నాయన ఒక అతిమధురం పుల్లను దవడన పెట్టుకుని నములుతూ ఉంటాడు. అది పిప్పయితే ఇంకొకటి. మా దుకాణాల వాళ్లకు ఒక అలవాటుంది. కొట్లో కూర్చుని నోట్లో వేసుకున్నది తిండి కిందికి రాదు. బెల్లం ముక్కయినా, మిరియమైనా అంతే.

పోయిన ఏడాది ఆయనకు బీపీ పట్టుకుంది. మాత్రలు మార్చినా దిగదు. ఉప్పు మానిపించాను, ఊరగాయ జాడీని అటకెక్కించాను. చప్పిడి కూడు తింటూ ఆయన రోజూ నామీద సణిగాడు. నాకు కోపం కన్నా భయమే ఎక్కువ. ఒకరోజు కాళ్లలో సత్తువ పోయి గల్లాపెట్టె దగ్గర నుంచి లేవలేకపోయాడు. ఇక పక్షవాతమేనని ఏడ్చేశాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, పొటాషియం బాగా పడిపోయిందని, కాళ్లలో సత్తువ పోయింది అందుకేనని చెప్పింది.

"నాటుమందులు ఏమైనా వాడుతున్నారా?" అని నాయనను అడిగింది.

"మందూ లేదు, ఏందీ లేదమ్మా. మా పాప కూడే సరిగ్గా పెట్టడంలా" అన్నాడు. అంటుంటే దవడ కదిలింది.

"నోట్లో ఏంటది?"

"ఇదా? అతిమధురం. ఇది మందేంది తల్లీ, మా కొట్లో సరుకు."

డాక్టరమ్మ నవ్వలేదు. మన ఒంట్లో కార్టిసాల్ అనే స్టెరాయిడ్ ఊరుతుందట. దాని జోరు తగ్గించే ఎంజైము మూత్రపిండాల్లోనే కాదు, రక్తనాళాల గోడల్లోనూ ఉంటుందట. అతిమధురం ఆ ఎంజైమును పనిచేయనివ్వదు. దాంతో ఒంట్లో ఉప్పు నిలిచిపోతుంది, నాళాలు బిగుసుకుంటాయి, పొటాషియం బయటికి పోతుంది. బళ్లో సైన్సు చెప్పే నేను ఎంజైములంటే పొట్ట, కాలేయం దగ్గరే ఆగిపోయాను. రక్తనాళమంటే ఉత్త గొట్టమే అనుకున్నాను.

"మానేస్తే కొన్ని వారాల్లో బీపీ దిగొస్తుంది" అందావిడ.

నాకు ప్రాణం లేచొచ్చింది. నాయన ముఖం మాత్రం పాలిపోయింది. త్రిపురాంతకంలో ఆయన అక్క ఉంది. ఆమెకూ బీపీ ఉంది, పైగా దగ్గు. నెలనెలా బస్సు డ్రైవరు చేతికి అతిమధురం పొట్లమిచ్చి ఆమెకు పంపేది ఈయనే. డాక్టరమ్మ ఇంకా చెబుతుండగానే జేబులోంచి ఫోను తీశాడు.

"అక్కా, పుల్ల నోట్లో ఉందా? ముందు ఉమ్మెయ్."