గిద్దలూరులో నా రెండో తల

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఫోన్‌లో స్నేహితుల గ్రూపు ఒకటి ఉంటే మనిషి ఒంటరి కాడని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. పొద్దున్నే ఎవరో ఒకరు ఒక బొమ్మ పంపిస్తారు, మనం నవ్వుతున్న ముఖం ఒకటి తిరిగి పంపిస్తాం. (అది పంపించేటప్పుడు మన ముఖం నవ్వుతూ ఉండాల్సిన పని లేదు. ఆ సౌకర్యం కనిపెట్టినవాడికి దణ్ణం పెట్టాలి.) అలా రోజుకు నాలుగైదు ముఖాలు పంపుకుంటూ, ఉద్యోగం మాటలు తప్ప నోరు విప్పి ఎవరితోనూ పది మాటలు మాట్లాడకుండా, గిద్దలూరులో నేను చాలా నెలలు గడిపేశాను. అప్పుడు ఎవరైనా అడిగితే బ్రహ్మాండంగా ఉన్నానని చెప్పేవాణ్ణి. అడిగినవాళ్ళు లేరనుకోండి.

నాది తెనాలి పక్క పల్లె. చదువు కాగానే డ్రిప్పు పైపులు అమ్మే ఒక కంపెనీలో ఫీల్డు ఆఫీసరుగా చేరితే గిద్దలూరులో వేశారు. వారంలో ఆరు రోజులు కొమరోలు, కంభం వైపు బోర్లున్న రైతుల దగ్గర తిరగడం, వాళ్ళ బత్తాయి తోటల్లో కాలు పెట్టి పైపుల గురించి చెప్పింది చెప్పడం, సాయంత్రానికి దుమ్ము కొట్టుకుపోయి గదికి చేరడం. గది ఒక స్టీలు సామాన్ల దుకాణం మీద మేడగది. దుకాణమూ, ఇల్లూ, గదీ అన్నీ ఒక పెద్దమనిషివే. కింద ఆయన, ఆయన భార్య, ఆవిడ తల్లి అయిన ఒక అవ్వ ఉండేవాళ్ళు. పిల్లలు లేరు. నన్ను వాళ్ళు "పైపుల సారు" అనేవాళ్ళు. నేను వాళ్ళను ఏమీ అనేవాణ్ణి కాదు. ఎదురుపడితే తల వంచుకుని, అర్జంటుగా ఏదో గుర్తొచ్చినట్టు జేబులు తడుముకుంటూ మెట్లెక్కేసేవాణ్ణి. సిగ్గు నాకు పుట్టుకతోనే ఉంది. దానికి తోడు అక్కడి మాట నాకు పూర్తిగా పట్టుబడలేదు. "ఏంది సారూ, అన్నం తిన్యావా" అని అవ్వ మొదటిరోజు అడిగితే, నన్ను "నువ్వు" అందని చిన్నబుచ్చుకున్న ఘనుణ్ణి నేను.

ఇక మా గ్రూపులో ఉన్నది ముగ్గురం. నేను, బెంగుళూరులో ఉండే బక్కోడు, హైదరాబాదులో ఉండే బావ. (అతను ఎవరికీ బావ కాదు. హాస్టల్లో వార్డెన్‌ను కూడా బావా అని పిలిచి ఆ పేరు సంపాదించుకున్నాడు.) కాలేజీలో ఉండగా ముగ్గురం కలిసి ఒక విదేశీ సినిమా మీద పిచ్చి పెంచుకున్నాం. పేరెందుకు గానీ, గ్రహాల మధ్య ఓడలు నడిపే కాపలాదారుల కథ. వాళ్ళ తలల మీద రాగి రంగు శిరస్త్రాణాలు, కళ్ళ దగ్గర అద్దపు పట్టీ, ముక్కు దగ్గర టీ వడగట్టే జల్లెడ లాంటిది ఉంటాయి. ఆ సినిమా రెండో భాగం వస్తోందని తెలిసిన రోజు బావ గ్రూపులో ఒక లింకు పెట్టాడు. ఆ శిరస్త్రాణానికి అచ్చమైన నకలు, రెజిన్ అనే ప్లాస్టిక్‌తో పోతపోసిన ముక్కలుగా అమ్ముతున్నారట. ముగ్గురం తలా ఒకటి తెప్పించుకుని, ఎవరిది వాళ్ళు తయారుచేసుకుని, హైదరాబాదులో మొదటి ఆట అవి పెట్టుకుని చూడాలి. బక్కోడు చప్పట్లు పంపాడు. నేను మంటలు పంపాను. ఆ రాత్రి నాకు చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

పెట్టె రానే వచ్చింది. విప్పి చూస్తే రాగీ లేదు, మెరుపూ లేదు. పాలిపోయిన పుర్రె ముందు సగం ఒకటి, వెనక సగం ఒకటి, చెవుల దగ్గర పెట్టే బిళ్ళలు రెండు, ఒక అద్దపు పట్టీ, చిన్న అయస్కాంతాలు కొన్ని. ముక్కల అంచుల నిండా పోత పొంగి గట్టిపడిన రేకులు, మధ్యలో గాలిబుడగల గుంటలు. వాటిని అచ్చులోంచి తీయడానికి పూసిన నూనె పోవాలంటే ముందు సబ్బుతో కడగాలట. గదిలో నీళ్ళు రావు కాబట్టి కింద పెరట్లో కొళాయి దగ్గర కూర్చుని, గిన్నెలు తోమే సబ్బు పట్టించి, ఆ ముఖాన్ని శ్రద్ధగా తోమాను. ఇంటావిడ బిందె పట్టుకుని వచ్చి, నేను ఒక మనిషి బుగ్గలు పీచు పెట్టి రుద్దుతూ ఉండడం చూసి, ఒక నిమిషం నిలబడి, బిందె అలాగే పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఏంటని ఆవిడ అడగలేదు. ఇదని నేను చెప్పలేదు.

అప్పటినుంచీ నా సాయంత్రాలకు ఒక పని దొరికింది. రేకులు కత్తిరించడం, గుంటలు పుట్టీతో పూడ్చడం, ఉప్పుకాగితం తడిపి రుద్దడం, మళ్ళీ గుంటలు వెతకడం. నా వేళ్ళ ముద్రలు అరిగిపోయి ఆఫీసులో హాజరు మిషను నన్ను గుర్తుపట్టడం మానేసింది. ఒకరోజు ఎండలో ఆరబెట్టి పనికి పోతే, వచ్చేసరికి ఎడమ దవడ వేడికి మెత్తబడి పక్కకు జారి, పక్షవాతం వచ్చినవాడిలా చూస్తోంది. వేడినీళ్ళలో ముంచి, బతిమాలి, చేత్తో పట్టుకుని సరిచేశాను. ఇంకోరోజు మేడమీద బూడిదరంగు స్ప్రే కొడుతుంటే గాలి తిరిగి, పక్కన ఆరబెట్టిన వడియాలన్నీ బూడిదరంగుకు వచ్చాయి. క్షమించమని చెప్పాలని మెట్ల దాకా దిగి, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక మళ్ళీ ఎక్కాను. మర్నాటినుంచి వడియాలు మేడకు ఆ చివరన కనబడ్డాయి. చేసిన పని ప్రతీదీ ఫొటో తీసి గ్రూపులో పెట్టేవాణ్ణి. మొదట్లో మంటలు వచ్చేవి. తర్వాత బొటనవేలు వచ్చేది. తర్వాత చూసినట్టు రెండు నీలం గీతలు వచ్చేవి. పనుల్లో ఉన్నారనుకున్నాను.

చివరికి రాగిరంగు వేసి, అంచుల్లో నల్లరంగు తుడిచి పాతబడిన మెరుపు తెప్పించాక నా గుండె నిండిపోయింది. ముగ్గురం ఎవరి తలలు వాళ్ళు చూపించుకోవడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్ అనుకున్నాం. ఆ టైముకి తల పెట్టుకుని సిద్ధంగా కూర్చోవాలని నా ఆలోచన. మెడ దగ్గర సందు చిన్నది కాబట్టి దాన్ని టోపీలా తొడగడం కుదరదు. ముందు సగం, వెనక సగం తలకు చెరోవైపు పెట్టుకుంటే లోపలి అయస్కాంతాలు పట్టుకోవాలి. నేను అయస్కాంతాలు తిరగేసి అతికించానని అప్పుడు తెలిసింది. రెండు సగాలూ మంచి కాపురంలా దగ్గరికి రావాల్సింది పోయి, కోర్టు మెట్లెక్కినవాళ్ళలా ఒకదాన్నొకటి తోసేసుకుంటున్నాయి. టైము లేదు. పైపుల లీకేజీకి వాడే రెండు రంగుల ముద్ద నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. రెండు రంగులూ కలిపి పిసికి అతుకు వెంబడి పెట్టి నొక్కేసుకున్నాను. కాసేపు ఆపితే చాలు, కాల్ అయ్యాక విడదీసుకోవచ్చు. గట్టిపడటానికి గంటన్నర పడుతుందని పొట్లం మీద ఉంది. ఆ పొట్లం రాసినవాడు గిద్దలూరు మే నెల చూసి ఉండడు.

కాల్ చేశాను. బక్కోడు ఎత్తలేదు. బావ కట్ చేసి "రెండు నిమిషాలు బావా" అని రాశాడు. ఆ రెండు నిమిషాలూ నేను తల తీయలేదు. వాళ్ళు ఎత్తగానే మొదట కనబడాల్సింది అదే కదా. మంచం మీద నిటారుగా, ఫోన్ ఎదురుగా గోడకు ఆనించి, అద్దపు పట్టీలోంచి దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతోంది. లోపల నా ఊపిరి నాకే వినబడుతోంది. చాలాసేపు అలా కూర్చుని, సరే ముందు మంచినీళ్ళు తాగుదామని లాగితే రాలేదు. ఇంకాస్త లాగితే నా మెడ వచ్చేలా ఉంది. ఆ ముద్ద పట్టు గురించి రైతులకు నేను చెప్పుకొచ్చిన మాటలన్నీ నిజమేనని ఆరోజే రుజువైంది. సాయం పిలవడానికి ఆ ఊళ్ళో ఒక్క పేరైనా నాకు తెలియదని కూడా ఆరోజే తట్టింది.

మెట్లు తడుముకుంటూ దిగాను. వసారాలో అవ్వ శెనక్కాయలు వలుస్తోంది. ఆవిడకు చూపు సగమే. నన్ను పైకీ కిందికీ చూసి, "ఏంది నాయనా, ఇంట్లో గూడా హెల్మెట్టేనా. పోలీసోళ్ళు ఇండ్లల్లోకి వస్తుండారా" అంది.

"ఇరుక్కుపోయిందండీ" అన్నాను. నా గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

లోపలినుంచి ఇంటావిడ వచ్చి చూసింది. చేతిలో చాట కింద పడింది గానీ ఆవిడ మాత్రం కేక పెట్టలేదు. "ఆ పొద్దు నువ్వు తోముతా కూర్చున్నది ఇదేనా" అంది, చాలా రోజుల సందేహం తీరినట్టు.

తర్వాత జరిగింది మర్యాదగా చెప్పడం కష్టం. ముందు మెడచుట్టూ శెనగనూనె పోశారు. అది చొక్కాలోకి పోయింది. ఇంటాయన ఆ రాగి ముఖాన్ని పట్టుకుని, పక్కింటి టైలరు నా నడుము పట్టుకుని చెరోవైపు లాగారు. వీధిలో సగం మంది వసారాలోకి వచ్చారు.

"మార్కాపురం తీసకపోదాం. ఆడ పలకలు కోసే మిషన్లుంటాయి. గీత గీసినట్టు రెండు ముక్కలయితాది" అన్నాడు టైలరు.

"ఏది? ఇదా, లోపలిదా?" అన్నాడు ఇంటాయన. ఆ తర్వాత ఎవరూ మిషన్ల ఊసెత్తలేదు.

"పైపుల సారువి గదా, పైపులు కోసే రంపం ల్యా?" అని ఇంటాయనే అడిగాడు. ఉంది, పైన బ్యాగులో. అతుకు వెంబడి నిదానంగా కోస్తే రెండు సగాలూ పాడుకావు, మళ్ళీ రంగు వేసుకోవచ్చని నేను మొదలుపెట్టాను. "ముద్ద మీదే కోయండి, రంగు మీద వద్దు, చెవి బిళ్ళ దగ్గర జాగ్రత్త" అని లోపలినుంచి ఒకటే నస. ఆయన ఓపిగ్గా గోరంత గోరంత కోస్తున్నాడు. ఇంటావిడ జల్లెడ సందులోంచి స్ట్రా దూర్చి మజ్జిగ పట్టింది. చెమటకు కళ్ళు మండుతున్నాయి. నేను భయపడకుండా ఉండటానికేమో, వాళ్ళు ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టారు. మీది ఏ ఊరు, అమ్మానాయనా ఉండారా, వంట నువ్వే చేసుకుంటావా. నేను చెబుతూ పోయాను. అన్నం మాడుతుందనీ, చాలాసార్లు బన్నుతో సరిపెడతాననీ, ఆదివారం వస్తే భయమేస్తుందనీ, పైపుల గురించి తప్ప ఎవరితోనూ మాట్లాడక నా గొంతు నాకే కొత్తగా ఉంటుందనీ. నా ముఖం వాళ్ళకు కనబడదు కదా, ఎంతైనా చెప్పొచ్చు. "ఇంత మాటకారివి, ఇన్నాళ్ళూ మూగోడనుకున్యాం గదబ్బాయ్. అండీ గిండీ ఒద్దు, పిన్నమ్మా అను" అంది ఇంటావిడ.

అప్పుడు ఫోన్ మోగింది. రంపం కోసం పైకి వెళ్ళిన టైలరు ఫోన్ కూడా తెచ్చి అరుగు మీద పెట్టి ఉన్నాడు. పిన్నమ్మ పచ్చబటన్ నొక్కి నా ఎదురుగా పట్టుకుంది. తెరమీద బావా, బక్కోడూ. నా తల ఇంటాయన ఒళ్ళో ఉంది, ఆయన చేతిలో రంపం ఉంది, మెడమీదుగా నూనె కారుతోంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక, "మీవి చూపించండి" అన్నాను.

బక్కోడు చూపు పక్కకు తిప్పాడు. "అది... నేను పెట్టె విప్పనే లేదురా. మా అక్క కొడుకు అడిగితే ఇచ్చేశా" అన్నాడు. బావ తల గోక్కున్నాడు. "నేనసలు ఆర్డరే పెట్టలేదు బావా. లింకు పెట్టానంతే. నువ్వు నిజంగా చేస్తావనుకోలా" అన్నాడు. తర్వాత ఇద్దరూ బాగుందన్నారు. చాలా బాగుందన్నారు. బక్కోడికి ఏదో పని ఉందట. తెర నల్లబడింది.

వసారాలో అవ్వ కాయ వలవడం ఆపింది. ఇంటాయన రంపం ఎత్తి పట్టుకుని, "యాడిదాకా వచ్చినాం, చెవి కాడికేనా" అని మాత్రం అన్నాడు.

"ఎక్కడైనా సరే, కోసేయండి చిన్నాయనా" అన్నాను.

ఆయన రెండు నిమిషాల్లో కోసేశాడు. రెండు సగాలూ నాలుగు ముక్కలై కింద పడ్డాయి. ముఖానికి గాలి తగిలింది. అందరూ నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు, నేను తల దించేసుకున్నాను. నా కళ్ళు ఎర్రగా ఉన్నాయనీ, నూనె మంటకేననీ పిన్నమ్మ అందరికీ చెప్పింది.

మర్నాడు పొద్దున మెట్లు దిగుతుంటే ఆవిడ వసారా కడుగుతోంది. నేను అలవాటు ప్రకారం జేబులు తడుముకుంటూ దాటబోయాను. "ఏందబ్బాయ్, నెత్తిన అది ఉంటేనే మాట్లాడతావా?" అంది. నేను నవ్వాలని ప్రయత్నించాను. "దా, టీ తాగి పో" అంది. ఆఫీసుకు ఆలస్యమైందని చెప్పి బయటపడ్డాను. ఆరోజు ఏదో పండగ సెలవు, నాకు ఆఫీసు లేదు. బస్టాండు దగ్గర బండి మీద ఒక్కణ్ణే టీ తాగి, ఆ టైములో ఎక్కడికి పోవాలో తెలియక, కంభం వెళ్ళే బస్సులు మూడు పోయేదాకా అక్కడే నిలబడ్డాను.

ఇప్పుడు నేను నలుగురిలో బాగా మాట్లాడతానని పేరు. బావా, బక్కోడూ పెళ్ళిళ్ళలో కలుస్తారు, ఆరోజు కాల్‌లో తీసిన రంపం ఫొటో చూపించి వాళ్ళ పిల్లల్ని నవ్విస్తారు, నేను పక్కనుంచి మిగతా కథ అందిస్తాను. ఆ టీ కథ మాత్రం ఎవరికీ చెప్పలేదు. పిలిచిన ఇల్లు కూతవేటు దూరంలో ఉండగా, బస్టాండులో పల్చటి టీ ఊదుకుంటూ, చాలా పనులున్నవాడిలా మాటిమాటికీ గడియారం చూసుకుంటున్న ఆ కుర్రాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. వాడి మీద నాకిప్పుడు కోపం లేదు. వెనకనుంచి వెళ్ళి భుజమ్మీద చెయ్యేసి, "పోరా, టీ చల్లారిపోతోంది" అని ఇంటివైపు తిప్పాలనిపిస్తుంది, అంతే.