కోట ఊరి బస్సులో నా దస్తీ

ఫ్రాన్స్‌లో కూడా దస్తీ వేస్తే సీటు మనదైపోతుందనుకోవడం నా తెలివితక్కువతనమే. తొంభైలలో, గుట్ట మీద చుట్టూ గోడ కట్టుకున్న రాజుల కాలం నాటి ఒక చిన్న ఊరు చూడటానికి బయలుదేరాం. కోట బాగా కనబడే వైపేదో ముందే కనుక్కుని, ఆర్మూర్ బస్టాండ్‌లో చేసినట్టే కిటికీలోంచి నా పసుపు మరకల దస్తీని సీటు మీదికి విసిరాను. లోపలికి వెళ్లేసరికి ఒక ముసలాయన దానితో సీటు శుభ్రంగా తుడుచుకుని, కూర్చుని, దాన్ని మడతపెట్టి నా చేతికిచ్చి "మెర్సీ" అని వాళ్ల భాషలో థాంక్స్ చెప్పాడు.

నాతో వచ్చిన అంకాపూర్ మామ పగలబడి నవ్వాడు. "అల్లుడా, గాయన నిన్ను బస్సు క్లీనర్ అనుకున్నడురా!"

"నవ్వకు మామా. గింత దూరం వచ్చింది గా కోట సూద్దామనే గదా!"

దారంతా నేను నిలబడ్డాను. నా పరువే కూలబడింది. గోడలు, బురుజులు అన్నీ ఆయన టోపీ వెనకే వచ్చి వెళ్లిపోయాయి.

కోట దర్వాజ ముందు దిగాక ఆయనే తన కెమెరా నా చేతిలో పెట్టి, ఫొటో తీయమని సైగ చేశాడు. గోడకు ఆనుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఒక్క బురుజు కూడా పోకుండా ఎంతో శ్రద్ధగా తీశాను. రీలు కడిగించాక ఆయనకు కోట మొత్తం కనబడి ఉంటుంది. ఆయన మాత్రం ఎక్కడా కనబడి ఉండడు.