పోతుకు పెట్టిన పేరు

"కొంగు పట్టి లాగింది నువ్వు కాకపోతే ఇంకెవురు? ఈ పాలెంలో ఇంకో వరప్రసాదం ఉండాడా?"

"ఓసి పుష్పమ్మా, మెల్లగ మాట్లాడు. గోడ అవతల జనం నిలబడుండారు."

"నిలబడనీ! నువ్వు చెయ్యొచ్చు గానీ వాళ్ళు వినగూడదా?"

జనం నిజంగానే నిలబడ్డారు. యర్రగొండపాలేనికి అవతల, అడవి అంచున ఉన్న ఆ చిన్న పాలెంలో సంఘపెద్ద ఇంట్లో గొడవంటే, యేసు గుడిలో ప్రసంగం కంటే ఎక్కువమందే వింటారు. ఊరి తగువులన్నీ తీర్చే గడ్డం వరప్రసాదానికి ఆ పూట సొంత ఇంట్లో పెళ్ళాం చేతి సంగటి ముద్ద కూడా దొరకలేదు.

జరిగింది ఇదీ. కట్టెలకని గుట్టకు పోయిన మణెమ్మకు పొదల అవతల నుంచి ఒక ఆడగొంతు వినిపించింది: "ఒరే వరప్రసాదం, సిగ్గులేదురా? నా కొంగు వదులు!" గొంతు మగ్దలీనమ్మది. మణెమ్మ పొద దాటి పోయి చూడలేదు. చూస్తే కథ చిన్నదైపోతుంది కదా! కట్టెలమోపు దింపకుండానే బావి దగ్గర చెప్పేసింది.

మగ్దలీనమ్మ మొగుడు యేసుదాసు రెండేళ్ళ కిందట మార్కాపురం పలకల గనిలో రాయి విరిగిపడి పోయాడు. శవం బండిలో వచ్చిన రోజు నుంచి ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. తిండి లేదు, మాట లేదు, ఏడుపూ లేదు. పరామర్శకు పాలెమంతా వచ్చింది. "పిల్లలు లేకపోవడమే మేలైంది, లేకుంటే వాళ్ళు గూడ అగచాట్లు పడుదురు" అంది మణెమ్మ. వరప్రసాదమైతే గంటసేపు ప్రార్థన చేసి, "దేవుడు ప్రేమించినోళ్ళనే ముందు పిలుచుకుంటాడమ్మా" అని తేల్చి, కోటు దులుపుకుని లేచాడు.

ఓదార్పు మాట ఒక్కటీ చెప్పనివాడు మేకల యల్లయ్య. కుంటి చూడిమేకను తెచ్చి ఆమె గుంజకు కట్టేసి, "పాలుకు పెట్టుకో అక్కా. ఈనినాక పిల్లల్లో సగం నీకు, సగం నాకు" అని తన దారిన పోయాడు. మేకకు మనిషి దుఃఖం ఏం తెలుసు? పొద్దెక్కేసరికి ఆకలితో గొంతు చించుకుని అరిచింది. మగ్దలీనమ్మ ఎంతసేపని వింటుంది, లేచింది. మొదట వీధి చివర తుమ్మచెట్టు దాకా, తర్వాత వాగు దాకా, ఆపైన గుట్టమీదికి. రెండేళ్ళలో మేక మందయింది, మనిషి మళ్ళీ మనిషయింది. కాకపోతే ఆదివారాలు కూడా గుట్టమీదే, గుడి గడప తొక్కలేదు.

ఇప్పుడీ కొంగు గోలతో సంఘం కూర్చుంది. ఈ ఆదివారం గుడికి రాకపోతే ఆమెకిక ప్రభు బల్ల లేదని తీర్మానించింది. రొట్టె, ద్రాక్షరసం ఆపేస్తే వెలివేసినట్టే. రేపు చచ్చినా సమాధుల దొడ్డిలో యేసుదాసు పక్కన చోటివ్వరు. ఆ కబురు చెప్పడానికి వరప్రసాదమే బయల్దేరాడు. పోయిన పరువును పోయినచోటే వెతుక్కోవాలని కూడా ఉంది ఆయనకు. మిషను దొరగారు మదరాసు నుంచి తెప్పించి ఇచ్చిన నల్లకోటు, అంత ఎండలోనూ, తొడుక్కుని మరీ గుట్టెక్కాడు.

పైకి చేరేసరికి కోటు లోపల వాగు పారుతోంది. కాస్త ఊపిరి పీల్చుకుందామని బలుసుపొద వెనక ఆగాడు. అవతల ఆమె గొంతు.

"మణెమ్మా! యాడికే ఆ దూరడం? పక్కపొదలో ఏం జరుగుతాందో చూడకపోతే నీకు మేత అరగదా?"

పొదలోంచి ఒక తెల్లమేక తల బయటపెట్టింది. వరప్రసాదం చేత్తో నోరు మూసుకున్నా నవ్వు ఆగలేదు. ఆ వెంటనే ఆగింది.

"నువ్వేందిరా వరప్రసాదం, అన్నిటికీ తలూపుతావు! గడ్డం పెరిగితే చాలా? బుద్ధి పెరగొద్దా?"

గడ్డమున్న మేకపోతు తలూపింది.

సంఘపెద్ద పొద చీల్చుకుని బయటికొచ్చాడు. "ఇదేందమ్మా! పోతుకు నా పేరా? దీని మూలాన నా ఇంట్లో పొయ్యి వెలగలేదు, తెలుసా నీకు?"

ఆమె ఏమీ కంగారు పడలేదు. "వచ్చినావా అన్నా. కూసో, నీడుంది."

"ముందు పేరు సంగతి చెప్పు."

"చెప్తా. దేవుడు ప్రేమించినోళ్ళను ముందు పిలుచుకుంటాడంటివే, మరి నిన్నెందుకు పిలవలేదని ఆ పొద్దు అడగాలనుకున్నా. నోరు రాలా. ఇక్కడికొచ్చినాక వచ్చింది. సంఘపెద్దను తిడితే పాపం గదా, ఈణ్ణి తిట్టినా. మణెమ్మను తిట్టినా. ఒకనాడు తిట్టి తిట్టి కడుపు ఖాళీ అయ్యి ఆకలైంది. ఆ రాయి మీద కూసోని రేగుపండ్లు తిన్నా. తిని, అప్పుడేడ్చినా."

కింద లోయలో నెమలి అరిచింది. వాగు మీదినుంచి వచ్చిన గాలి మెడ మీది చెమటను ఆరబెట్టింది. వరప్రసాదం కోటు విప్పి పక్కన పడేసి కాళ్ళు చాపుకున్నాడు. ఇక్కడ తగువు పట్టుకుని వచ్చేవాడు లేడు. పోతు మాత్రం తీరిగ్గా వచ్చి కోటు జేబు నమలసాగింది.

"ఒరే వరప్రసాదం, వదల్రా!" అని అరిచాడు. తన పేరుతో తిట్టడం ఎందుకో హాయిగా అనిపించింది. "పెళ్ళాం ముందు నోరు లేవదు గానీ, ఊరికి తీర్పులు చెప్తావురా ఎదవా!" అని ఇంకోటి కలిపాడు. మగ్దలీనమ్మ పగలబడి నవ్వింది.

"పేరు నీ ఇష్టం" అన్నాడు చివరికి. "పుష్పమ్మను పిలుచుకొచ్చి ఈణ్ణి చూపిస్తే నా పీడ పోతాది. ఇంక ఈ ఆదివారం మాటే మిగిలింది. నువ్వు రాకుంటే బల్ల ఆపుతారు. యేసుదాసు పక్కన చోటు గూడ పోతాది."

ఆమె నవ్వు ఆగిపోయింది. "రావాలనే ఉందన్నా. ఆయన పక్కన గాక యాడ పండుకుంటా? కానీ వీటికి ఆదివారం తెలీదే. కట్టేసి పోతే ఆకలికి అరుస్తాయి. ఆ అరుపు విని గుళ్ళో కూసోలేను."

"మరి సంఘానికి ఏం చెప్పమంటావు?"

"చెప్పేదేమొద్దు. ఈ ఆదివారం నేను గుడికి పోతా, నువ్వు మేకల్ని గుట్టకు తోలుకొని పో. సంగటిమూట నేను కట్టిస్తా. కోటు మాత్రం తొడుక్కోవద్దు. మణెమ్మ అడవిలోకి జారుకుంటాది, దాని మీద ఒక కన్నేసి ఉంచు. మొన్న పుట్టిన ఆ నల్లపిల్లకు ఇంకా పేరు పెట్టలా. నీకెవరినన్నా తిట్టాలనుంటే, దానికి పెట్టుకో."