బామ్మర్ది పేరు మీద తెచ్చిన మందు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరుసగా నిలబెడితే ఆ వరుస బోధన్ బస్టాండ్ దాటిపోతుంది. అందులో అన్నిటికంటే ముందు నిలబడేది ఇది. ఒక్క పొడి పొట్లంతో బామ్మర్ది పెళ్లి ముంచబోయాను. మీరు నవ్వండి, పర్వాలేదు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

తొంభైల నాటి మాట. పెళ్లయి నాలుగేళ్లయినా మాకు పిల్లల్లేరు. లోపం ఎవరిదని మా అమ్మ అనుకుందో వేరే చెప్పాలా? శతావరి గడ్డలూ ఇంకేవో వేర్లూ మరిగించి, పొద్దున్నే మా ఆవిడ సుజాతకు గ్లాసు నిండా పోసేది. సుజాత ముక్కు మూసుకుని తాగేది. నేను పక్కనే కూర్చుని చాయ్ తాగేవాణ్ణి. మగవాణ్ణి కదా, నాకేం లోపం ఉంటుంది!

లోపల మాత్రం అనుమానం తొలిచేస్తూనే ఉంది. ఒకరోజు నా బట్టల దుకాణం పెందలాడే మూసేసి, కందకుర్తిలో ఒక నాటువైద్యుడి దగ్గరికి పోయాను. ఆయన నాడి చూస్తాననగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. మందు నాకు కాదని, నందిపేటలో ఉండే మా బామ్మర్ది గంగాధర్‌కని చెప్పాను. పెళ్లయి ఎన్నేళ్లని అడిగితే ఐదన్నాను. గంగాధర్‌కు ఇంట్లో అప్పుడప్పుడే సంబంధాలు చూస్తున్నారు. ఆయన అశ్వగంధ, దూలగొండి గింజలు కలిపి దంచిన పొడి ఇచ్చి, పాలలో తాగించమన్నాడు. ఆ పొట్లం దుకాణంలో చీరల వెనక దాచుకుని నేనే తాగాను.

కొన్నాళ్లకు గంగాధర్‌కు మాట ఖాయం చేసుకోవడానికి ఎడపల్లి నుంచి ఆడపిల్లవాళ్లు నందిపేటలో మా అత్తగారింటికి వచ్చారు. ఇంటి అల్లుణ్ణి కదా, కాలు మీద కాలేసుకుని, మా గంగాధర్ అంత బుద్ధిమంతుడు జిల్లాలోనే లేడని ఉపన్యాసం దంచుతున్నాను. పసుపు కొమ్ముల కోసం ఊళ్లోకి వచ్చిన ఆ వైద్యుడు, పాపం మంచి మనిషి, ఇల్లు కనుక్కుని మరీ లోపలికి వచ్చాడు.

"గంగాధర్ అంటే నువ్వేనా బిడ్డా? మీ బావ తెచ్చిన పొడి పాలల్ల తాగుతున్నవా? పెండ్లయి ఐదేండ్లయినా పిల్లలు కాలేదని రంది పెట్టుకోకు."

పిల్ల తండ్రి చాయ్ కప్పు కింద పెట్టాడు. "ఐదేండ్ల కిందనే పెండ్లయిందా? గీ ముచ్చట మాకెవ్వలు చెప్పలే" అంటూ లేచాడు.

గంగాధర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. తనకేం తెలియదని, బావనే అడగమని గొణిగాడు. అందరూ నా వైపు తిరిగారు. వైద్యుడే పొరబడ్డాడని బుకాయిద్దామనుకున్నాను. కానీ పిల్ల తండ్రి అప్పటికే వాకిట్లో చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"మందు నాది. పిల్లలు లేంది నాకు. సిగ్గయి వాని పేరు చెప్పిన" అన్నాను.

సంబంధం నిలిచింది. పెద్దాయన మళ్లీ వచ్చి కూర్చుంటూ, పిల్లగాడు మంచోడేనని, బావతోనే జాగ్రత్తగా ఉండాలని అన్నాడు. ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వబోయి తలుపు దగ్గర నిలబడ్డ సుజాతను చూశాను. ఆమె నవ్వలేదు.

"మరి గా కషాయం నేనెందుకు తాగుతున్న?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రమే, దేవుడి ముందు కాదు, సుజాత ముందు నిలబడి ఒట్టేశాను. ఈ జన్మలో ఏ మందు తెచ్చినా నా పేరు మీదే తెస్తానని. మొన్న పక్కింటి ముసలాయన మొలల మందు తెచ్చిపెట్టమంటే, నిండు బజారులో అది నాకేనని గట్టిగా చెప్పి మరీ తెచ్చాను.