అవ్వ పేరుకు అర్థం

మా అత్తవారింట్లో బిడ్డకు పేరు పెట్టడానికి ఒక పద్ధతి ఉండేది. ఇంటికి పెద్దవారు కళ్లు మూసుకుని పరిశుద్ధ గ్రంథం తెరిచి వేలు పెడతారు. వేలికి దగ్గరగా ఏ పేరుంటే అదే బిడ్డ పేరు. మనం ఎంచుకుంటే అది మన ఇష్టం, అలా వస్తే ప్రభువు ఇష్టం అని వారి నమ్మకం. కొత్తకోడలిగా వచ్చినప్పుడు నాకది ఎంతో నచ్చింది.

మా మొదటివాడి పేరు అలాగే వచ్చింది. వాడు పాకడం నేర్వకముందే ప్రభువు పిలుచుకున్నాడు. సమాధి చేసి వచ్చిన సాయంత్రం మా నాన్న అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన ఉపదేశి, గూడూరు వైపు పల్లెల్లో వాక్యం చెప్పేవాడు. కాస్త హెబ్రీ, కాస్త గ్రీకు నేర్చుకున్నాడు. నేను బడికి పోలేదు, నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే.

“ఆ పేరుకు హెబ్రీలో ఆవిరి అని అర్థం తల్లీ” అన్నాడు.

రెండోవాడికీ వేలే పేరు పెట్టింది. వాడూ పోయాక ఆ పేరుకు అర్థమేమిటని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మూడోసారి ఆడపిల్ల. కార్తీకపు వానల్లో పుట్టింది. ఈసారి వేలు పెట్టనివ్వనన్నాను. ఆ ఇంట్లో నేను కాదన్న మొదటి మాట అదే. మా ఆయన గ్రంథాన్ని తీసి పెట్టె మీద పెట్టేశాడు. అందరం పాప అనే పిలిచేవాళ్లం. పేరే లేకపోతే ఎవరూ పిలుచుకుపోలేరని నా మనసులో ఏ మూలో ఉండేదేమో.

జ్వరానికి పేరుతో పనిలేదు. నెల తిరక్కుండానే పాప ఒళ్లు కాలిపోయింది. పాలు తాగడం మానేసింది. నెల్లూరు ఆసుపత్రికి పోదామంటే వాగు పొంగి రోడ్డు మీద పారుతోంది. బస్సు మనుబోలు దాటి మా వైపు రావడం లేదు.

మా ఆయన నాయనమ్మను అందరం అవ్వ అనేవాళ్లం. మెట్టలో సేద్యం చేసుకునే ఇంట పుట్టి, పెళ్లయ్యాక మిషను దొరసాని చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్న మనిషి.

“చేటలో ఏసి పెంటదిబ్బ మీద ఒక్క చిటికెసేపు దించండి. పెంట అనే పిలవండి. పెంటను ఎత్తుకపోయేదానికి ఎవురొస్తారు? నాకు ముందు పుట్టినోళ్లంతా పోయినారు. నన్ను మావోళ్లు అట్నే దక్కించుకున్నారు” అంది.

“గ్రంథంలో మంచి పేర్లు ఉండాయి పెద్దమ్మా” అన్నాడు, పాపను చూడ్డానికి వచ్చి ఉండిపోయిన నాన్న.

“అర్థాలు చెప్పు నాయనా, విందాం.”

ఆయన ఆడవాళ్ల పేర్లు చెప్పుకొచ్చాడు. ఒక పేరుకు తేనెటీగ అని, ఒకదానికి గొర్రె అని అర్థమట. ఒకావిడకు రెండు భాషల్లో రెండు పేర్లుంటే రెండింటికీ జింకేనట.

“ఈగ పనికొచ్చె, గొర్రె పనికొచ్చె. మా పెంట ఒక్కటే పనికిరాకపోయిందా మీ దేవుడికి?”

“మీ దేవుడేందవ్వా, మన దేవుడు” అన్నాను.

“మన దేవుడేలే. ఆయన పుట్టింది యాడ? పశువులపాకలో. పక్కన పెంట లేకుండా ఉంటదా?”

నాన్నకు నవ్వు ఆగలేదు. నా ఒళ్లో పాప మాత్రం కదల్లేదు.

తెల్లవారేసరికి పాప కళ్లు తెరవడం లేదు. బాప్తిస్మం లేకుండా పోకూడదని నాన్న పక్క ఊరి పాస్టరు అయ్యగారిని పిలుచుకురావడానికి వానలోనే బయలుదేరాడు. ఆయన పోయి రెండు గంటలైనా రాకపోయేసరికి అవ్వ చేట తీసుకుంది. దిబ్బ మీద బిడ్డలను పెట్టే ఇంటికి బాప్తిస్మం ఇవ్వనని అయ్యగారు గుడిలో చెప్పిన సంగతి నాకు తెలుసు. అయినా అడ్డుపడలేదు.

దొడ్లో దిబ్బ తడిసి ఆవిరి లేస్తోంది. అవ్వ చేటలో పాత కోక మడిచి, పాపను పడుకోబెట్టి దించింది. పైన తాటాకు గొడుగు పట్టుకుంది.

“నువ్వు దోవన పోయే మనిషివి. బిడ్డ కనపడింది. ఎవరి బిడ్డో అని ఎత్తుకో. నీది కాదు, గుర్తు పెట్టుకో.”

నాలుగడుగుల అవతల నిలబడ్డాను.

“అను మే. తడుస్తా ఉండాది బిడ్డ.”

“ఎవరి బిడ్డో” అన్నాను. అని ఎత్తుకున్నాను. తిరిగి చూస్తే దడి పక్కన నాన్న, ఆయన వెనక మోకాళ్ల దాకా తడిసిన అయ్యగారు.

“ఏం చేస్తా ఉండారమ్మా?”

ఆయన వెనక్కి తిరిగితే పాపకు ఆ బాప్తిస్మపు నీళ్లు కూడా దక్కవు. అవ్వే ముందుకొచ్చింది.

“అయ్యా, నన్ను ఇట్నే ఎత్తుకున్నారు. తర్వాత మీ దొరసాని నీళ్లు పోసి ఇంకో పేరు పెట్టింది. ఈనాటికీ నాకది నోరు తిరగదు. గుళ్లో ఆ పేరు పిలిస్తే నన్ననుకోను. రేపు పైన పిలిస్తే పలక్కుండా కూచుంటానేమో, అదొకటి భయం నాకు.”

నాన్న మెల్లగా అన్నాడు: “దొరసాని వాళ్లమ్మ పేరు పెద్దమ్మా అది. హెబ్రీలో నుంచి గ్రీకులోకి, ఆణ్ణించి ఇంగ్లీషులోకి పోయింది. అర్థం కృప.”

“కృపా?” అవ్వ గొడుగు దించింది. “ఇంత మంచి మాటను అంత వంకరగా చెప్పిందా ఆమె?”

అయ్యగారు పాప ముఖంలోకి చూశారు. చెప్పులు విడిచారు.

“నీళ్లు తెండి. పేరు ఏమనుకున్నారమ్మా?”

“అవ్వ పేరే అయ్యగారూ. తెలుగులో.”

అది నా నోట వచ్చేదాకా నాకే తెలియదు. కంచుగిన్నెలోని చల్లటి నీళ్లు నుదుట పడగానే పాప ముఖం చిట్లించి, సన్నగా ఏడ్చింది. ఆ ఏడుపు విని ఎన్నాళ్లయిందో.

మర్నాటికి వాగులో వరద తీసింది. బస్సు వచ్చింది. నెల్లూరులో డాక్టరమ్మ సూదులు వేసింది. దేనివల్ల బతికిందని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. గిన్నెడు నీళ్లకూ, సూదికీ, వాగు తీసినందుకూ, అయ్యగారు విడిచిన చెప్పులకూ, ఆఖరికి ఆ చేటకూ కలిపి ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంటాను.

ఇంటికి తెచ్చిన రోజు పాపను పంచలో పడుకోబెట్టి “కృపా” అని మొదటిసారి పేరుతో పిలిచాను. ఊరికే, అలవాటు చేసుకుందామని.

“ఆఁ, వస్తా ఉండా” అని వంటింట్లో నుంచి అవ్వ పలికింది.