చక్రాల కుర్చీలో ఒక ఆదివారం

మాది నాగాయలంక. ఇంటర్నెట్‌లో పాత వస్తువులు అమ్మడం అప్పుడప్పుడే మొదలైన రోజులవి. మావారు కొబ్బరిచెట్టు మీద నుంచి పడి, నడుం కింద చచ్చుబడి మంచాన ఉన్నారు. మచిలీపట్నంలో ఉండే మా తమ్ముడు ఇంటర్నెట్‌లో చూసి, ఆయన కోసం పాత చక్రాల కుర్చీ తెప్పించాడు. ఫొటోలో కొత్తదానిలా ఉంది. పార్సిల్ విప్పితే సీటు చిరిగిపోయి ఉంది, చక్రాలు కిర్రుమంటున్నాయి. అమ్మినతనికి ఫోన్ చేస్తే, "పాతదంటే అలాగే ఉంటదండీ" అని పెట్టేశాడు.

తిప్పి పంపేద్దామన్నాను. మావారు వినలేదు. "సీటు కుట్టించి, చక్రాలకి కాస్త నూనె వెయ్యి. ఆదివారం చర్చికెళ్దాం" అన్నారు. ఆయన మొహంలో అంత సంతోషం చూసి చాలా కాలమైంది.

ఆదివారం తెల్లచొక్కా వేసుకుని బయలుదేరారు. చర్చి గేటు దగ్గర వాలులో ముందు చక్రం విరిగి ఊడిపోయింది. అమ్మినతను పైన రంగు వేశాడు గానీ లోపలంతా తుప్పే. ఆయన బోర్లా పడిపోయారు. పాట ఆపి లోపలివాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. నుదుటి మీద రక్తం కారుతున్నా ఆయన తుడుచుకోలేదు. తొలగిపోయిన పంచెను రెండు చేతులతో లాక్కుంటూ, "చూడొద్దని చెప్పవే వాళ్లకి" అన్నారు.

గాయం మానింది. కుర్చీకి వెల్డింగ్ చేయించాను. ఆయన మళ్లీ అందులో కూర్చోలేదు. చర్చివాళ్లు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తుంటే గోడవైపు తిరిగి పడుకునేవారు. పోయేదాకా అంతే.

అమ్మినతను ఆ కుర్చీని ఎప్పుడో మర్చిపోయి ఉంటాడు. బతికుండగా మావారు చివరిసారి గడప దాటింది దాని మీదే.