తడి మీది రంగు

మొన్న మంగళవారం పొద్దున, బాపట్లలో నేను క్లాసుకు బయలుదేరుతుండగా అత్తయ్య ఫోన్ చేసింది. పేరాలలో మా మావయ్య పోయాడు. మూత్రసంచిలో క్యాన్సర్. ఫోన్ పెట్టేసి వెళ్లి రసాయనశాస్త్రం పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

మావయ్య అమ్మకు తమ్ముడు. నలభై ఏళ్లు మగ్గాల వాళ్ల నూలుకు రంగులద్దాడు. వేసవి సెలవుల్లో రేపల్లె నుంచి మేం వెళ్తే మోచేతుల దాకా ఎర్రగానో నీలంగానో ఎదురొచ్చేవాడు. ఎత్తుకోమంటే, "ఆగవే, నీ గౌను పాడైతే మీ అమ్మ నన్ను ఉతికేసిద్ది" అనేవాడు. రంగు కాగులో ఉప్పు వేస్తే నూలుకు రంగెలా పడుతుందో చూపించింది మావయ్యే. నా చదువు ఆ కాగు దగ్గరే మొదలైంది. అప్పుడే తీసిన నూలు చూసి నేను బాగుందంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "తడి మీద ఏ రంగైనా బాగుంటుందే. ఆరనీ, అప్పుడు చెప్పు."

జబ్బు రంగుల వల్ల వచ్చిందో, బీడీల వల్లో ఎవరూ తేల్చలేదు. మూత్రం ఎర్రగా వచ్చినప్పుడు మావయ్య భయపడలేదు. ఆ వారమంతా ఎరుపే వేశాడు మరి! రంగు ఒంట్లోకి దిగిందనుకుని మజ్జిగ తాగి ఊరుకున్నాడు. నెలల తర్వాత, నీలం వేస్తున్న రోజుల్లో కూడా ఎర్రగానే వచ్చేసరికి నాకు ఫోన్ చేశాడు.

తెనాలిలో డాక్టరు గారు గొట్టం వేసి చూశారు. "మూత్రసంచి తీసెయ్యాలండి. ఆలస్యం చెయ్యొద్దు" అన్నారు. బయటికి రాగానే మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "కొయ్యకుండా ఇంకేం దారి లేదంటావా? నువ్వు చదువుకున్నదానివి గదా."

గ్రీన్ టీలోని పదార్థాలు ఈ క్యాన్సర్ కణాలను అడ్డుకుంటున్నాయని చదివి ఉన్నాను. అది గాజు పళ్లేల్లో పెంచిన కణాల సంగతని, మనుషుల్లో రుజువు కాలేదని కూడా చదివాను. మొదటి మాట గట్టిగా చెప్పాను, రెండోది గొణిగాను. "అయితే ఒక నెల ఇది చూద్దాం" అన్నాడు. వద్దనాల్సింది. అనలేదు.

అత్తయ్య రోజుకు ఐదుసార్లు కాచిచ్చేది. "పాలు లేవు, పంచదార లేదు, దీనికి టీ అని పేరెట్టినోణ్ణి తన్నాలే" అంటూనే గ్లాసు ఖాళీ చేసేవాడు. మూడో వారం ఎరుపు పోయింది. మావయ్య గాజు సీసాలో పట్టి కిటికీ వెలుతురులోకి ఎత్తాడు. "చూడవే, ఎంత తేటగా ఉందో!" నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. ఈ జబ్బులో రక్తం దానంతటదే ఆగి మళ్లీ వస్తుందని డాక్టరు గారు ముందే చెప్పారు. ఇద్దరం విన్నాం. అయినా తడి రంగును నమ్మని మనిషి నమ్మాడు, రసాయనశాస్త్రం చెప్పే నేనూ నమ్మాను. నెల కాస్తా మూడు నెలలైంది. మళ్లీ తెనాలి వెళ్లేసరికి కాలేయానికి పాకింది.

వెంటనే ఆపరేషన్ చేయించి ఉంటే బతికేవాడా అని డాక్టరు గారిని అడిగాను. "చెప్పలేమండి" అన్నారు. ఆ గ్రీన్ టీ పరిశోధన అబద్ధమని మీతో అనను. అది ఇంకా మందు కాలేదు, అంతే. ఆ అంతే అన్న మాట మావయ్యతో అనలేకపోయాను. ఇప్పుడెన్నిసార్లు అనుకున్నా ఏం లాభం?

మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. చివరి రోజుల్లో మంచం పట్టెకు మూత్రం పట్టే ప్లాస్టిక్ సంచి వేలాడుతుండేది. నేను వెళ్లినప్పుడల్లా దాని మీద తువ్వాలు కప్పి ఉండేది. "టీ మానలేదే. తేటగానే వస్తోంది" అనేవాడు. నేను తలూపేదాన్ని.

ఆఖరిసారి వెళ్లినప్పుడు అత్తయ్య పెరట్లో ఉంది. తలుపు తీసే ఉంది. పక్కకు తిరగడానికే ఓపిక లేని మనిషి, నా అడుగుల చప్పుడు విని, సంచి మీంచి జారిపడ్డ తువ్వాలు కోసం కిందికి చెయ్యి చాపుతున్నాడు. అందడం లేదు. అందేదాకా నేను గుమ్మం బయటే నిలబడి చెప్పులు విప్పుతూ ఉన్నాను.